నీళ్ళు తెలిసిన మనిషి

ప్రతి ఏడూ వేసవి సెలవులకు ముందు నేనొక జవాబు కార్డు రాసేవాణ్ణి. కృష్ణ సముద్రంలో కలిసేచోటికి దగ్గరగా, నాగాయలంక దాటాక ఒక చిన్న పల్లె ఉంది. అక్కడి బడిపంతులుగారి పేరున పంపేవాణ్ణి. "మా మనవరాలు వస్తోంది. పెద్దాయన్ని అడిగి, మడ అడవిలోకి వెళ్ళడానికి ఏ రోజు నీళ్ళు బాగుంటాయో తెలియజేయగలరు" అని. వారం తిరక్కుండా జవాబు వచ్చేది. అక్షరాలు పంతులుగారివి, మాటలు ఆయనవి. "పున్నమి ఎళ్ళిన మర్నాడు రండి. మొదటి బస్సు ఎక్కండి. బుల్లెమ్మకి టోపీ తెండి. పోయినేడు మర్చిపోయారు."

ఐదో ఏడు వచ్చిన కార్డులో మాటలు కూడా పంతులుగారివే. "మీరు అడిగిన మనిషి మాఘమాసంలో కాలం చేశారు. పడవలు వేరేవాళ్ళు వేస్తున్నారు. రాదలిస్తే తెలియజేయండి."

ఆ కార్డు వచ్చి చాలాకాలమైంది. ఆయన గురించి రాయాలని ఎన్నోసార్లు కూర్చున్నాను, లేచాను. ఇప్పుడు రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఆయన పేరును ఊళ్ళో ఒకసారి చెరిపేసి ఇంకో పేరు పెట్టారు. అందులో నా పాలు ఉంది కాబట్టి అసలు పేరును నా కాగితం మీదికి తెచ్చే హక్కు నాకు లేదనుకుంటాను. ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. ఆయన బతికున్నప్పుడు నేను ఆయన్ని "నువ్వు" అనే పిలిచాను. మా ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే వయసు. "ఆయన" అనడం ఈ రాతలోనే మొదలుపెట్టాను.

నేను కాలవల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. బెజవాడ బ్యారేజీ దగ్గర నీటిమట్టాలు రాసే రిజిస్టరు చాలా ఏళ్ళు నా చేతిలో ఉండేది. పొద్దున ఆరింటికి ఒకటి, పన్నెండింటికి ఒకటి, సాయంత్రం ఆరింటికి ఒకటి. కాలవలకు నీళ్ళు ఏ తేదీన వదలాలో, ఏ తేదీన కట్టెయ్యాలో ముందే కాగితం వచ్చేది. నీళ్ళు ఆ కాగితం ప్రకారమే పారేవి. ఇంటికొచ్చి అదే పద్ధతిలో నా డైరీ రాసుకునేవాణ్ణి. తేదీ, వేళ, వెళ్ళిన చోటు, చూసిన మనిషి, చేసిన పని. రిటైరయ్యాక రిజిస్టరు పోయింది గాని డైరీ మిగిలింది.

మా అమ్మాయి వాళ్ళు నాగపూర్‌లో ఉంటారు. మనవరాలు వేసవిలో నెల రోజులు మా దగ్గర ఉండి వెళ్ళేది. దానికి ఏడేళ్ళప్పుడు, "మా ఊరి దగ్గర పులుల పార్కుంది తాతయ్యా, జీపులో తిప్పుతారు. మీ ఊళ్ళో ఏముంది?" అని అడిగింది. కొండ మీది గుడి చూపించాను, బ్యారేజీ చూపించాను. దేనికీ తల ఊపలేదు. అప్పుడు నాతో పనిచేసిన ఒకాయన చెప్పాడు, సముద్రం ఒడ్డున ప్రభుత్వం కాపాడుతున్న మడ అడవి ఉందని, అక్కడ పులి లేదు గాని చేపలు పట్టి తినే బావురుపిల్లి ఉందని. పల్లె పేరు, పంతులుగారి పేరు కూడా ఆయనే ఇచ్చాడు.

మొదటిసారి రేవులో దిగగానే మనవరాలు అటూ ఇటూ చూసి, "గేటేది తాతయ్యా? టిక్కెట్టెక్కడిస్తారు?" అంది.

పడవలో గెడ పట్టుకుని నించున్న మనిషి నవ్వాడు. పొట్టిగా, సన్నగా ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది, కనుబొమలు మాత్రం ఇంకా నల్లగానే ఉన్నాయి.

"నీళ్ళకి గేటు ఎవురేత్తారు బుల్లెమ్మగారూ? రోజుకి రెండుసార్లు అదే తీత్తాది, రెండుసార్లు అదే మూత్తాది. తీసినప్పుడు లోపలికి పోవాలి, మూసేలోపల బయటికి రావాలి. అంతే టిక్కెట్టు."

"మూసేశాక లోపలే ఉండిపోతే?"

"అయితే పీతలు నీకు చుట్టాలైపోతాయి. అన్నం అయ్యే పెడతాయి."

అది ఆయన ధోరణి. నవ్వకుండా చెప్పేవాడు, ఎదుటివాళ్ళు నవ్వాక తను నవ్వేవాడు. "నాగపూర్లో సముద్రం లేదంట గదా. మరి పొద్దున్నే సూర్యుడు ఎక్కణ్ణించి పైకొత్తాడు?" అని ఏటేటా అడిగేవాడు. మనవరాలు ఏటేటా ఒక కొత్త జవాబు తయారుచేసుకుని వచ్చేది. ఒక ఏడు రైల్వే స్టేషన్ వెనకనించి అంది. ఇంకో ఏడు మా టీచరుగారింటి మేడ మీంచి అంది. ఆయన గెడ ఆపి, ఆ విషయం గురించి బాగా ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టేవాడు. "ఉండొచ్చు. మేడ ఎత్తుగా ఉంటే ఉండొచ్చు."

అడవి మొదలయ్యే మలుపు దగ్గర చొక్కా విప్పి, నాలుగు మడతలు వేసి, ఒక రేకు డబ్బాలో పెట్టేవాడు. తిరిగి వచ్చేటప్పుడు సరిగ్గా అదే మలుపు దగ్గర తొడుక్కునేవాడు. చెవి వెనక చుట్ట ఉండేది. నాలుగేళ్ళలో దాన్ని ముట్టించగా నేను చూడలేదు. అడిగితే, "అడివిలో ముట్టియ్యగూడదండి. బయటికొచ్చాక మర్చిపోతా" అన్నాడు. ప్రతి పాయ మొదట్లోనూ కుడిచేతి వేలు నీళ్ళలో ముంచి నాలిక మీద పెట్టుకునేవాడు. ఉప్పును బట్టి సముద్రం ఎంతవరకు లోపలికి వచ్చిందో చెప్పేవాడు. "ఇంకో గంట ఎక్కుతాది." నేను గడియారం చూసుకునేవాణ్ణి. గంటకు ఐదు నిమిషాలు అటూ ఇటూగా, మడచెట్ల ఊపిరివేళ్ళ మీద నీటి మరక పైకి పాకడం మానేసేది.

పల్లెలో చేపలవాళ్ళందరికీ ఆటుపోట్ల లెక్క వస్తుంది. అయినా వేటకు వెళ్ళే ముందు ఆయన గుమ్మం దగ్గర ఆగి అడిగి వెళ్ళేవాళ్ళు. ఒకసారి మేము రేవులో ఉండగానే ఇద్దరు పడుచువాళ్ళు అడిగారు. "మావా, గుల్లపాయలోకి ఎప్పుడు పోవచ్చు?" "ఎండ నీ మోకాలికి దిగినప్పుడు పో." వాళ్ళు ఇంకో మాట లేకుండా వెళ్ళిపోయారు. ఆయనకు పొలం లేదు, సొంత వల కూడా ఉన్నట్టు లేదు. ఆ అడగడమే ఆయనకు ఉన్న ఆస్తి. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

నా డైరీ అంటే ఆయనకు వింత గౌరవం ఉండేది. పడవలో కూర్చుని నేను రాసుకుంటూ ఉంటే కన్నార్పకుండా చూసేవాడు. లకుముకి పిట్ట ఎగిరితే, "రాయండి" అనేవాడు. తిల్లచెట్టు చూపించి, దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని చెప్పి, "రాశారా?" అనేవాడు. రెండో ఏడునించి ఒక ఆచారం మొదలైంది. పడవ ఎక్కగానే కిందటేటి పేజీ చదివి వినిపించాలి. మనవరాలికి తెలుగు అక్షరాలు నేనే నేర్పాను, ఆ డైరీలే దాని వాచకాలు. అది వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివేది. "తె...ల్ల కొం...గలు ప...దకొండు." ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. మధ్యలో ఆపేవాడు కూడా. "ఆయేళ తూర్పుగాలి ఉందమ్మా. గాలి రాయలేదా మీ తాత?" నిజమే, గాలి రాయలేదు. అక్కడికక్కడే పాత పేజీలో చేర్చేవాణ్ణి.

రాతంటే ఎందుకంత మక్కువో మూడో ఏడు తెలిసింది. ఎండకు మనవరాలు పడవలో నిద్రపోయింది. ఆయన తన తలగుడ్డ విప్పి దాని మీద నీడ పట్టాడు. కాసేపు దాని మొహం చూశాడు.

"ఉప్పెనొచ్చినప్పుడు నా కూతురికి ఆరేళ్ళు బాబుగారూ. మా ఆడది పుట్టింటికి పోయింది. పిల్ల నా చేతిలోనే ఉంది. తర్వాత లేదు." గెడ ఒకసారి గుచ్చి తీశాడు. "పోయినోళ్ళ పేర్లు రాసేవోళ్ళు వచ్చినప్పుడు నేను ఆసుపత్రిలో పడి ఉన్నా. మా పాకల్లో చెప్పేటోళ్ళు ఎవరూ మిగల్లేదు. పుస్తకంలో ఎక్కలేదు. ఎవురి తప్పూ కాదు. ఎక్కలేదంతే. రాసుంటే ఉన్నట్టు బాబుగారూ. లేపోతే ఆ పిల్ల ఉందని నేనూ మా ఆడదీ చెప్పుకోవాలి. మేం పోతే ఆ చెప్పడం కూడా పోద్ది."

ఆ పాప పేరు అడిగాను. చెప్పాడు. డైరీలో రాశాను. "చదవండి" అన్నాడు. చదివాను. "ఇంకోపాలి" అన్నాడు. మళ్ళీ చదివాను. ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు మలుపు దగ్గర చొక్కా తొడుక్కోవడం మర్చిపోయాడు.

నాలుగో ఏడు మనవరాలు వారం రోజుల కోసమే వచ్చింది. వాళ్ళ నాన్నకు సెలవు దొరకలేదు. కార్డు రాసి జవాబు కోసం చూసే వ్యవధి లేదు. నాకు ఒక పద్ధతి తోచింది. కిందటేడు ప్రయాణం బ్రహ్మాండంగా జరిగింది. పదింటికి లోపలికి వెళ్ళాం, ఒంటిగంటదాకా నీళ్ళు నిండుగా ఉన్నాయి. డైరీలో వివరంగా ఉంది. కాబట్టి సరిగ్గా అదే తేదీన, అదే వేళకు వెళ్తే సరిపోతుందనుకున్నాను. కాలవ నీళ్ళతో బతుకంతా గడిపినవాడికి తప్ప ఆ ఆలోచన ఇంకెవరికీ రాదు. ఏ చేపలపల్లెలో చెప్పినా పిల్లలు కూడా నవ్వుతారు.

చల్లపల్లిలో బస్సు ఆలస్యమైంది. రేవు చేరేసరికి పది కావస్తోంది. ఆయన మమ్మల్ని చూసి ఒడ్డు మీదికి ఎదురొచ్చాడు. సంతోషం కనపడింది, దాని వెనకే చిన్న తికమక కూడా కనపడింది.

"కార్డు రాలేదే బాబుగారూ. ఇయ్యాళ వచ్చారేంటి? నీళ్ళు లాగేత్తన్నాయి. రేపు పొద్దున్నే ఏడింటికి ఉండేట్టు రండి, నీటికుక్కలున్న పాయలోకంటా తీసుకెళ్తా."

"రేపు పొద్దున్నే దానికి రైలు."

మనవరాలి మొహం వాడిపోయింది. మూడేళ్ళుగా నీటికుక్కల గురించి వినడమే తప్ప చూడలేదు. నేను సంచిలోంచి కిందటేటి డైరీ తీశాను. పేజీ తెరిచి ఆయన ముందు పట్టుకున్నాను.

"ఇదిగో చూడు. పోయినేడు సరిగ్గా ఇదే తేదీ. పదింటికి వెళ్ళాం. ఒంటిగంట వరకు నీళ్ళు నిండుగా. రాసి ఉంది."

ఆయన పేజీ మీదికి వంగాడు. ఆయనకు చదువు లేదు. వంగినవాడు చాలాసేపు వంగే ఉన్నాడు. తరువాత రేవు అంచుకు వెళ్ళి, వేలు ముంచి, నాలిక మీద పెట్టుకున్నాడు. నీళ్ళ వైపు చూశాడు. మళ్ళీ పేజీ వైపు చూశాడు.

"రాసుందాండీ?"

"రాసి ఉంది."

"అయితే పదండి."

లోపలి పాయలోకి వెళ్ళేదాకా బాగానే ఉంది. ఆయన సూర్యుడి సంగతి అడగలేదు. గెడ గబగబా వేస్తున్నాడు. పదకొండు దాటి కొంతసేపైంది. పడవ అడుగున గరగరమని చప్పుడై, నిలబడిపోయి, ఒక పక్కకు ఒరిగింది. చూస్తూ ఉండగానే చుట్టూ నీళ్ళు సన్నబడి, బురద బయటపడి, మడచెట్ల వేళ్ళు మేకుల్లా పైకి లేచాయి.

సరిగ్గా అప్పుడే నీటికుక్కలు వచ్చాయి. నాలుగు. తడి బురద మీద జారుడుబల్ల ఆడుకుంటున్నట్టు జారాయి. మనవరాలు నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కదలకుండా చూసింది. దానికి ఇప్పటికీ ఆ రోజే అన్నిటికన్నా మంచి రోజు.

సముద్రం తిరిగి రావాలంటే సాయంత్రం నాలుగు కావాలి. అంతవరకు ఎండలో పిల్ల ఎలా కూర్చుంటుంది? ఆయన చెప్పకుండానే దిగాడు. తొడలదాకా దిగబడ్డాడు. ముప్పై గజాల అవతల పెద్ద పాయలో ఇంకా నీళ్ళున్నాయి. అంతదూరం పడవను భుజంతో తోస్తున్నాడు. జానెడు కదిలితే ఆగడం, ఊపిరి తీసుకోవడం, మళ్ళీ తోయడం. నేను దిగబోతే, "మీరు కూకోండి, దిగితే మిమ్మల్ని కూడా నేనే లాగాలి" అన్నాడు.

మనవరాలు కాలక్షేపానికి డైరీ ఒళ్ళో పెట్టుకుని కిందటేటి పేజీ చదువుతోంది. పైన మూల అచ్చులో సన్నటి అక్షరాలుంటాయి. నేనెప్పుడూ పట్టించుకోలేదు. అది పట్టించుకుంది.

"బ...హు...ళ వి...ది...య. తాతయ్యా, పోయినసారి బహుళ విదియట. ఇవాళ కూడా బహుళ విదియేనా?"

పడవ తోస్తున్న మనిషి ఆగాడు.

ఆ రోజు త్రయోదశి. అది ఆయనకు పొద్దుటినించీ తెలుసు. ఆ క్షణాన నాకూ తెలిసింది. సముద్రం చంద్రుణ్ణి పట్టుకుని నడుస్తుంది, ఇంగ్లీషు తేదీని కాదు. అదే తేదీ మళ్ళీ వచ్చేసరికి చంద్రుడు పదకొండు రోజులు తేడాగా ఉంటాడు. విదియ నాడు పదిన్నరకు నిండిన పాయ, త్రయోదశి నాడు ఏడింటికే నిండి వెనక్కి తిరుగుతుంది. తప్పు మొత్తం నా పేజీలోనే ఉంది, అచ్చక్షరాల్లో.

ఆయన తల ఎత్తి నా వైపు చూడలేదు. పిల్ల వైపు చూసి అన్నాడు. "ఊరుకో బుల్లెమ్మా. అయి పండగల కోసం ఏత్తారు. పడవలకి కాదు. నేనే గెడ మెల్లగా ఏశా, అందుకే ఆలీసమైంది."

బతుకంతా తిథుల మీద నడిచిన మనిషి ఆ మాట అన్నాడు. డైరీ మనవరాలి చేతిలోంచి తీసుకుని సంచిలో పెట్టేశాను.

పెద్ద పాయలోకి చేరాక ఆయన పడవ ఎక్కాడు. ఎడమ పాదం ఆలుచిప్పలకు కోసుకుపోయింది. బురద కడుక్కుంటే ఎర్రగా నీళ్ళు కారాయి. మనవరాలు భయపడింది. "పీత ముద్దెట్టుకుందిలే" అని తలగుడ్డ చుట్టుకున్నాడు.

రేవులో వల బాగుచేసుకుంటున్న నలుగురు మా పడవ రావడం చూశారు. పడవ నిండా బురద, ఆయన ఒంటి నిండా బురద. ఒకడు గట్టిగా నవ్వాడు. "ఏం మావా, త్రయోదశి నాడు పది దాటాక లోపలి పాయలోకి పోయావా? నీళ్ళు మర్చిపోయావేంటి?"

ఆయన నా పక్కనే ఉన్నాడు. "అవున్రా. మర్చిపోయా. ముసిలోణ్ణయిపోయా" అన్నాడు.

నేను విన్నాను. మా బస్సుకు వేళవుతోంది. మనవరాలి చెయ్యి పట్టుకుని నడిచాను.

ఆ రోజు పేజీ ఇప్పుడు నా ముందు ఉంది. నీటికుక్కలు నాలుగు. లకుముకి పిట్టలు రెండు. ఎండ ఎక్కువ. పడవ కాసేపు ఆగింది. రెండున్నర బస్సు దొరికింది. ఆయన పాదం గురించి ఒక్క మాట లేదు. ఆ రేవులో ఆయన అన్న మాట లేదు. వచ్చే ఏడు వెళ్ళినప్పుడు ఆయనతో మాట్లాడాలనుకున్నాను. అనుకున్నట్టు కూడా రాసుకోలేదు.

పంతులుగారి కార్డు వచ్చిన నెలకు మనవరాలు సెలవులకు వచ్చింది. దానికప్పుడు పదకొండేళ్ళు. సంగతి చెప్పాను. "వాళ్ళింటికి వెళ్దాం తాతయ్యా" అంది అది. పంతులుగారిని అడిగి ఇల్లు తెలుసుకున్నాం. ఉప్పెన తరువాత కట్టిచ్చిన స్లాబు గది, ముందు తాటాకు పంచ. ఆయన భార్య ఎండుచేపలు ఏరుతోంది. నన్ను చూసి లేచింది. పిల్లను చూసి దగ్గరికి తీసుకుని తల నిమిరింది. "రేవులో సూసినప్పటికంటే ఎంత పొడుగయ్యావమ్మా. అక్కడ మేకపిల్లలున్నాయి, పోయి సూసుకో" అని పంపించింది. పంపించాకే మాట్లాడింది.

"కాలు మానలేదు బాబుగారూ. సుగర్ ఉందంట, మాకేం తెలుసు. రెండు కాలివేళ్ళు తీసేశారు. దానికి ఆయన ఏడవలేదు."

"మరి?"

"ఊళ్ళోవోళ్ళు నీళ్ళ సంగతి అడగటం మానేశారండి. వేటకి పోయేవోళ్ళు మా గుమ్మం ముందునించే పోయేవోళ్ళు, ఆగేవోళ్ళు కాదు. ఆయన పంచలో కూకుని ఉండేవోడు, ఎవురన్నా ఆగుతారేమోనని. పిల్లలు త్రయోదశి అని పేరెట్టారు. త్రయోదశి తాత ఎళ్తన్నాడ్రా అని ఎనకాల కేకలు. పెద్దోళ్ళు కూడా అదే అనేవోళ్ళు. పోయాక దినానికి పిలవడానికి వచ్చినోడు కూడా, త్రయోదశి గారి దినం అన్నాడు. నోరు జారింది, పాపం. అలవాటైపోయింది గదా."

చివరికి ఎలాగో అన్నాను. "తప్పు ఆయనది కాదమ్మా. నాది. వద్దన్నాడు. నేనే పుస్తకం చూపించి తీసుకెళ్ళాను."

ఆమె ఆశ్చర్యపోలేదు.

"తెలుసండి. పోయే ముందు నాకొక్కదానికీ చెప్పాడు. ఎందుకు మీద ఏసుకున్నావయ్యా, ఊళ్ళో చెప్పొచ్చు గదా అన్నా. మనవరాలి ముందు తాత మాట తప్పవగూడదే అన్నాడు. ఆ పిల్ల కళ్ళకి ఆయన అన్నీ తెలిసినోడు, అట్టాగే ఉండనీ. నా మాట తప్పైతే సూసేదానికి నాకెవురున్నారు అన్నాడు."

ఎండుచేపల మీద ఈగలు వాలాయి. ఆమె తోలలేదు.

"క్షమించమ్మా" అన్నాను.

"నాకెందుకండి చెప్పడం? నేనెప్పుడూ ఆయన్ని తప్పనలేదు. రేవులో చెప్పండి. ఇప్పుడందరూ అక్కడే ఉంటారు."

మనవరాలు దొడ్లో మేకపిల్లను ఎత్తుకుని నించుంది. మనవరాల్ని ఇక్కడే వదిలి రేవుకు వెళ్ళొచ్చు. ఒక్క పదినిమిషాల పని. ఆయన కాలితోనూ పేరుతోనూ కాపాడిన నా పరువును నేను కాపాడుకోవచ్చు. ఆమె నా వైపే చూస్తోంది. నేను మనవరాల్ని పిలిచాను.

రేవులో ఏడెనిమిదిమంది ఉన్నారు. వలలు, పడవలు, కిందటేడు నవ్విన మనిషి కూడా. ఆమె కొంచెం దూరంలో కొంగు తల మీదికి లాక్కుని నించుంది. నేను పంచె సవరించుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, మా ఆఫీసులో సంజాయిషీ రాసినట్టే వరసగా చెప్పాను. ఏ తేదీన వచ్చానో, ఎన్ని గంటలకు వచ్చానో, ఆయన ఏమని వద్దన్నాడో, నేను ఏ పేజీ చూపించానో, ఆ పేజీలో తిథి ఏముందో, నేనెందుకు చూసుకోలేదో. "ఆయన నీళ్ళు మర్చిపోలేదు. నేనే పేజీ చూపించి ఆయన్ని లోపలికి నడిపించాను. ఆయన చెప్పినట్టు విని ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఆ రోజు ఇక్కడే నించుని నేను నోరు మూసుకున్నాను."

నవ్విన మనిషి చేతిలోని వల కింద పెట్టాడు.

"మాకూ అనుమానం వచ్చిందండి" అన్నాడు నెమ్మదిగా. "త్రయోదశి నాడు ఆ వేళకి అక్కడ నీళ్ళుండవని మావకి తెలీదా? కానీ ఆయనే మర్చిపోయానన్నాడు. ఆయన నోటితో అన్నాక ఇంకేం అడుగుతాం? పేరు మొదలెట్టింది నేనే." నీళ్ళ వైపు తిరిగిపోయాడు.

ఆమె అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది. "ఇన్నారుగా" అంది. అంతే. వెనుదిరిగి ఇంటి దారి పట్టింది. వంగిన నడుము, త్వరత్వరగా వేస్తున్న అడుగులు. ఎవరూ వెనక వెళ్ళలేదు.

నేను పక్కకు తిరిగి మనవరాలి మొహం చూడటానికి కొంత వ్యవధి పట్టింది. అది నా మొహం చూడటం లేదు. ఆ ముసలామె వెళ్తున్న వైపు చూస్తోంది.

"నాకు తెలుసు తాతయ్యా. ఆ రోజు ఇంటికెళ్ళాక క్యాలెండర్లో చూశాను. త్రయోదశి అని ఉంది."

"మరి నాతో అనలేదేమే?"

"పడవ తాత ఊరుకోమన్నాడు కదా."